రెండు సీట్ల కారులో సిరిసిల్లకు

కార్తీకమాసంలో ఒక బుధవారం పొద్దున ఆరుంబావుకు కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు ఎక్కాను. వెళ్లాల్సింది సిరిసిల్లకు. అయితే ముందు జగిత్యాల పోయి, అక్కడ మా బావ కారెక్కి, మళ్లీ కోరుట్ల మీదుగానే సిరిసిల్లకు పోవాలి. పటం చూడడం తెలిసినవాడెవడూ ఇట్లా ప్రయాణం పెట్టుకోడు. నాకు పటం చూడడం బాగానే తెలుసు. కోరుట్ల గ్రంథాలయానికి ఎదురుగా నాకొక జిరాక్సు దుకాణం ఉంది. పదో తరగతి దగ్గరే బడి మానేసినా, ఇరవై రెండేళ్లుగా మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఆ గ్రంథాలయంలో కూర్చుని బీరువా తరువాత బీరువా చదువుతూ వచ్చాను. ఇప్పుడు ఏడో బీరువాలో ఉన్నాను.

జగిత్యాల నుంచి సిరిసిల్లకు దగ్గరి దారి వేరే ఉంది. ఆ దారిలో ఒకచోట వంతెన పని నడుస్తోందనీ, పక్కన వేసిన మట్టి దారిలో తన కారు పోదనీ బావ ఫోనులో చెప్పాడు. అది నిజమే కావచ్చు. ఆ కారుతో చివరిసారి పోతున్నాడు కాబట్టి దూరం దారే ఆయనకు నచ్చి ఉంటుందని కూడా నాకనిపించింది.

బావ పేరు గంగాధర్, మా అక్క పద్మ భర్త. పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేశాడు. అక్కడికి మామూలు కార్లు రావు, ఖరీదైన స్పోర్ట్స్ కార్లే వస్తాయి. వాటి ప్రతి బోల్టూ ఆయనకు తెలుసు. కానీ ఆయన వాటిని నడిపింది గేటు నుంచి షెడ్డు దాకా, షెడ్డు నుంచి గేటు దాకా మాత్రమే. గేటు దాటించి రోడ్డెక్కించడం యజమానుల పని. వాళ్లయినా నడిపేవారా అంటే, నెలల తరబడి గుడ్డ కప్పి ఉంచేవారట. "మా తానికి నడిచి చెడిపోయిన బండ్లు తక్కువ అచ్చేటియి. నిలబడి చెడిపోయినయే ఎక్కువ" అని బావ ఎన్నోసార్లు చెప్పాడు.

తిరిగొచ్చి జగిత్యాలలో సొంత షెడ్డు పెట్టుకున్నాక, హైదరాబాదులో గోడకు గుద్దుకుని మూలనపడిన ఒక పాత స్పోర్ట్స్ కారును కొని, లారీ మీద తెచ్చుకుని, ఏడు నెలలు కూర్చుని బాగుచేశాడు. కారు ముదురు నీలం. ఎడమ తలుపు వేరే కారుది కాబట్టి అది కొంచెం లేత నీలం. ఇంజన్ వెనక, డిక్కీ ముందు, సీట్లు రెండే. నిరుటి దసరాకు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన రోజు, ఇదంతా షోకు తప్ప ఏమీ కాదని అక్క అంది. బావ అందరి ముందూ మాటిచ్చాడు.

"షోకు గాదు, గిది నాకు రోజు బండి. పాలకు, కూరగాయలకు, షెడ్డుకు, బిడ్డ కాలేజీకి, అన్నిటికి గిదే. అచ్చే దసరా దాకా ఒక్క వారం నిలబెట్టినా అమ్మేస్త."

నిలబడింది. వానాకాలంలో మోరీ కాలువ కోసం ఇంటి ముందు రోడ్డు తవ్వితే పంతొమ్మిది రోజులు కారు బయటికి రాలేదు. దసరా దాటాక, ఎవరూ అడగకముందే బావ సిరిసిల్లలో ఒక కొనేవాణ్ని మాట్లాడుకున్నాడు. తోడు వెళ్లమని, అదీ ఇంటికి వచ్చే కారెక్కమని నన్ను పిలిచింది మాత్రం అక్క.

ఏడు గంటలకు జగిత్యాలలో దిగి ఇంటికి నడిచాను. బావ కారు తుడుస్తున్నాడు. బిడ్డ కాలేజీకి తయారవుతోంది. అక్క నాకు చాయ్ ఇచ్చి గొంతు తగ్గించింది.

"తమ్మీ, పోయేటప్పుడు కార్ల పోండ్రి, అచ్చేటప్పుడు ఇద్దరు బస్సుల రావాలె. నీ మీదనే భారం. మీ బావ మెత్తటోడు, ఆడికి పోయినంక మనసు మార్చుకుంటడు."

"గా కారు నీకేం జేసిందే అక్కా?"

పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే చెప్పింది. "నాకేం జెయ్యలే. గదే బాధ. గా సీట్ల ఊరంతా కూసున్నది, నేను తప్ప."

ఈ మాట అర్థం కావాలంటే మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలి. దారిలో ఎవరైనా చేయెత్తితే, బండిలో జాగా ఉండి కూడా ఆపకుండా పోవడం మర్యాద కాదు. "ఖాళీ బండితోని పోయిండు" అన్న మాట ఊళ్లో ఏళ్ల తరబడి నిలుస్తుంది. బావ కారులో ఖాళీ ఉండేది ఒక్క సీటు. పొద్దున అందులో బిడ్డ, ఆమె దిగగానే బీడీల కార్ఖానాకు పోయే ఆడవాళ్లలో ఒకరు, తరువాత ఆస్పత్రికి పోయే ముసలాయన, సాయంత్రం ఎవరో ఒక బడిపంతులు. అక్క ఎక్కాల్సిన వేళకల్లా అందులో ఎవరో ఒకరు కూర్చునే ఉండేవారు. పెళ్లికి ముగ్గురూ కలిసి పోవాల్సి వస్తే అక్కా, బిడ్డా ఆటోలో, వాళ్ల వెనకాల బావ కారులో. ఆ కారులోనూ దారిలో ఎక్కినవాళ్లు ఒకరు.

ఎనిమిదీ అయిదుకు బయలుదేరాం. అక్క గడప దాకా వచ్చింది గానీ కారు దాకా రాలేదు.

ఇట్లాంటి కారులో పోదలచినవారు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. ఎక్కడమంటే ఇందులో కూర్చోవడం కాదు, జారిపోవడం. ముందు నడుము లోపలికి, తరువాత తల, చివరికి కాళ్లు. కూర్చున్నాక పక్కన పోయే ఆటో చక్రం మన మొహానికి సమానంగా ఉంటుంది. నేలకు దగ్గరగా ఉన్న బండి మలుపుల్లో తూలదని మా గ్రంథాలయంలోని మోటారు వాహనాల పుస్తకంలో ఉంది. స్పీడు బ్రేకర్ల గురించి మాత్రం ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. బావ వాటిని నిటారుగా ఎక్కించడు. కారును ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నే, ముళ్లకంప దాటే మేకలా దాటిస్తాడు. మరీ ఎత్తుగా ఉంటే బరువు తగ్గడానికి నన్ను దింపుతాడు. జగిత్యాలకూ కోరుట్లకూ మధ్య రెండుసార్లు దిగాను.

"రోజు గిట్లనేనా బావా?"

"రోజు గిట్లనే. ఏడ దిగాల్నో ఎక్కెటోళ్లకు ఎరుకే. బీడీలోళ్లు నేను చెప్పకముందే దిగుతరు."

తొమ్మిదీ పదికి కోరుట్ల చేరాం. బస్సు కంటే ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టింది. బస్టాండు దగ్గరి హోటల్లో పూరీ తిన్నాం. ప్లేటులో మూడు పూరీలు, ఆలుగడ్డ కూర, అడిగితే మళ్లీ వేస్తారు. హోటలాయన నన్ను చూసి, "మల్లేశం, పొద్దుగాల బస్సుల పోతివి, కార్ల అస్తివి. మళ్ల ఎటు?" అన్నాడు.

"సిరిసిల్లకు."

"మరి గిట్లనే సక్కగ పోకపోతివా, జగిత్యాల ఎందుకు పోయినవే?"

అక్కడి నుంచి పది అడుగులేసి బావను గ్రంథాలయంలోకి తీసుకుపోయాను. ఆయన ఏనాడూ లోపలికి రాలేదు. మోటారు పుస్తకం తీసి అశ్వశక్తి అన్న మాటకు అర్థం ఉన్న పుట చూపించాను. వెనకటికి గుర్రాలతో పని చేయించుకునేవాళ్లకు ఆవిరి యంత్రం అమ్మాలంటే, ఇది ఎన్ని గుర్రాల పని చేస్తుందో చెప్పాల్సి వచ్చేదనీ, ఆ కొలతే ఇప్పటికీ నిలిచిపోయిందనీ అందులో ఉంది. బావ ఆ పుట రెండుసార్లు చదివాడు.

"గిన్నేండ్లు ఇంజన్లు ఇప్పిన గని, గుర్రం ముచ్చట తెల్వది మల్లేశం," అన్నాడు. పుస్తకం మూస్తూ, "అమ్మే రోజు తెలిసింది," అన్నాడు.

తొమ్మిదిన్నర దాటాక కథలాపూర్ రోడ్డు పట్టాం. వరికోతలు అయిపోయిన రోజులు. ఊళ్ల దగ్గర రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, చక్రాలు ఎక్కకుండా అంచున రాళ్లు పెట్టారు. మిగిలిన సగంలో నుంచి బస్సు పోతుంది, ట్రాక్టరు పోతుంది. కథలాపూర్ దాటాక ఒకచోట ఆ సగంలోకి కూడా వడ్లు పరుచుకుని ఉన్నాయి. వేరే బండ్లు వాటి మీద నుంచి పోతున్నాయి. బావ ఆపేశాడు. ఈ కారు ముందు భాగం నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఉంటుంది. వడ్ల మీదికి పోతే చాటతో ఎత్తినట్టు ఎత్తుకుంటుంది.

వడ్లను పరిచి తిరగేస్తున్న రైతు చెక్క పలక పట్టుకుని దగ్గరికి వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి వంగి చూశాడు.

"గిదేందన్నా, నేలకు పాకుతున్నది. దీనికి బలమెంత?"

పొద్దున్నే చదివి వచ్చినవాణ్ని, ఊరుకోలేకపోయాను. "నాలుగు వందల అశ్వశక్తి. అంటే నాలుగు వందల గుర్రాలు."

ఆయన వడ్ల వైపు చూసి, కారు వైపు చూసి, "నాలుగు నూర్ల గుర్రాలుండి నా నాలుగు గింజలకు ఆగింది," అంటూ పలకతో దారి చేశాడు. దారి అయ్యేసరికి పది నిమిషాలు పట్టింది. బావ అద్దం దించి దండం పెట్టాడు. ఆ రైతు కూడా నవ్వుతూ పెట్టాడు.

పదకొండు గంటలకు రుద్రంగిలో, బస్సు ఆగే చోట, ఒక ముసలావిడ గంప పక్కన పెట్టుకుని నిలబడి చేయెత్తింది. బావ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఏడాది అలవాటు. ఆపాక గాని నేనున్నానని గుర్తు రాలేదు. ముసలావిడ వంగి లోపలికి చూసింది.

"ఆపినవ్ మంచిదే కొడుకా. ఏడ కూసోవాలె, నీ నెత్తి మీదనా?"

బావ నా వైపు చూశాడు. ఆమె పేరు నర్సవ్వట. బిడ్డ నీళ్లాడిందనీ, మనుమరాలిని చూడడానికి చందుర్తి పోతున్నాననీ, పొద్దటి నుంచి నిలబడి మోకాళ్లు గుంజుతున్నాయనీ చెప్పింది. నేను దిగాను. నేను బస్సులో వచ్చి చందుర్తిలో కలుస్తానన్నాను. గంపలో సీతాఫలాలున్నాయి. ముందు డిక్కీ తెరిచి పెట్టాం. "కడుపు ముందటున్నదేందే దీనికి," అనుకుంటూ ఆమె మెల్లగా లోపలికి జారింది.

పదకొండూ పదికి బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాను. రెండు ఊళ్లు దాటాక రోడ్డు మీద మళ్లీ వడ్లు, వాటి ముందు నిలబడిన నీలం కారు కనిపించాయి. బావ చెక్క పలకతో వడ్లు జరుపుతున్నాడు. నర్సవ్వ తలుపులో నుంచి చేయి బయటపెట్టి అటు కాదు, ఇటు అని చూపిస్తోంది. బస్సు పక్క నుంచి దాటిపోయింది.

నా పక్కనున్న ఆయన ఆ కారును వెనక్కి తిరిగి మరీ చూశాడు. "గంత కారు, బస్సుకు దారియ్యవట్టె. కారు గాదు అది, బేకారు."

ఆ మాటకు బస్సులో నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కారు మా బావదని చెప్పలేదు. ఇది రాస్తున్నప్పుడు ఆ సంగతి కొంచెం గుచ్చుకుంటోంది.

పదకొండూ ముప్పై అయిదుకు చందుర్తిలో దిగాను. పావుగంట తరువాత కారు వచ్చింది. నర్సవ్వను బావ రెండు చేతులూ పట్టి పైకి లాగాడు.

"ఎక్కుడు సులువే కొడుకా, దిగుడే బాయిలకెళ్లి చేదినట్టున్నది," అంది ఆమె నిలదొక్కుకుంటూ. "గని నడుముకు మంచిగ కాపడమైంది. ఎనుక ఏం వెట్టినవ్, పొయ్యా?"

"ఇంజన్ అవ్వా."

"నీ పెండ్లాం అదృష్టవంతురాలు. రోజు గిట్ల కాపడం."

బావ డిక్కీలోని గంప తీస్తూ, "ఆమె ఎక్కదవ్వా, బస్సుల పోతది," అన్నాడు.

నర్సవ్వ గంప అందుకోబోయి ఆగింది. "ఏందయ్యా? ఎవ్వలనో నన్ను ఎక్కిచ్చుకుంటివి. పెండ్లాన్ని బస్సెక్కిస్తవా?" రెండు సీతాఫలాలు తీసి బావ చేతిలో పెట్టింది. "గివి ఆమెకియ్యి. నువ్వు తినకు."

చందుర్తి నుంచి వేములవాడ దాకా బావ రెండు సీతాఫలాలు గేరు పక్కన దొర్లకుండా ఎడమచేత్తో ఆనించి పెట్టుకున్నాడు. పన్నెండున్నరకు వేములవాడలో రోడ్డు మీద నుంచే గుళ్లోని రాజన్న దేవునికి దండం పెట్టుకున్నాం. ఒంటిగంటా అయిదుకు సిరిసిల్ల చేరాం.

సిరిసిల్ల ముందు చెవులకు తెలుస్తుంది. గల్లీలోకి తిరగగానే సాంచాల చప్పుడు మొదలవుతుంది. సాంచ అంటే మరమగ్గం. ఇళ్ల గోడల్లో నుంచి ఆ చప్పుడు వస్తూనే ఉంటుంది, అక్కడివాళ్లు దాని మీద గొంతెత్తి మాట్లాడుతూనే ఉంటారు. బస్టాండు పక్క మెస్సులో భోజనం చేశాం. పప్పు, వంకాయ, పచ్చిపులుసు. పచ్చిపులుసు కోసమైనా అక్కడ తినవచ్చు. బావ సగం అన్నం వదిలేశాడు.

కారు కొనే ఆయన పేరు రాజం, నూలు వ్యాపారి. అందరూ రాజం సేటు అంటారు. కొత్తగా పెళ్లిళ్ల ఫంక్షన్ హాలు కట్టాడు. రెండు గంటలకు అక్కడే కలిశాం. గేటు పక్కన అద్దాల గది ఒకటి అప్పటికే కట్టించి ఉంచాడు. లోపల నున్నటి బండలు, పైన నాలుగు లైట్లు.

"గండ్ల నిలబెడ్త," అన్నాడు. "పెండ్లికచ్చినోళ్లంతా ముందట ఫొటోలు దిగుతరు. పిలగాడు పిల్ల అండ్ల కూసోని ఇంకో ఫొటో."

"నడుపుతరా సేటూ?" అన్నాడు బావ.

"నాకెందుకయ్యా నడుపుడు, నడుము నొప్పి. నిలబెట్టనీకి గొప్పగుంటదని తీసుకుంటున్న."

బావ కారును ఆ అద్దాల గది ముందుకు తెచ్చి, ఇంజన్ ఆపి, కాసేపు లోపలే కూర్చున్నాడు. ఆయన గల్ఫ్‌లో చూసిన గుడ్డ కప్పిన కార్లు ఆయనకు గుర్తొస్తున్నాయని నాకు తెలుసు. అయినా దిగాడు. మాట ఇచ్చినవాడు. బేరంలో సేటు పెద్దగా పీకులాడలేదు. మర్యాదస్థుడు. చాయ్ తెప్పించాడు.

తాళంచెవి ఇచ్చే ముందు బావ దానికి కట్టి ఉన్న పాత తాడు ముక్కను విప్పి జేబులో వేసుకున్నాడు. అది వాళ్ల నాయన చివరి ఎడ్లను అమ్మినప్పుడు దాచిన తలుగు ముక్క. మా దిక్కు వ్యవసాయం చేసేవాళ్లు పశువును అమ్మితే, దాని మెడకు కట్టిన తాడు, అంటే తలుగు, ఇవ్వరు. కొన్నవాడు తన తలుగు తెచ్చుకుని తోలుకుపోవాలి. తలుగు ఇస్తే ఇంటి సిరి కూడా పోతుందని నమ్మకం. సేటు అదేమీ గమనించలేదు.

"రెండో చాబి?" అన్నాడు.

బావ అక్కకు ఫోను చేశాడు. సాంచాల చప్పుడులో వినపడదని స్పీకర్ పెట్టాడు.

"పద్మా, రెండో చాబి ఏడున్నది?"

"నా తాన్నే ఉన్నది."

"సేటు అడుగుతుండు. రేపు పంపియ్యాలె."

అక్క నెమ్మదిగా, "చాబి ఇయ్యరు," అంది.

"ఎందుకియ్యరు?"

"మీ అమ్మ బర్రెనమ్మినప్పుడు తలుగు ఇచ్చిందా? కారు తోలుకపొమ్మను. చాబి మాత్రం ఇంట్లకెళ్లి కదలది."

సేటు నవ్వి, ఫోను వైపు వంగాడు. "అమ్మా, మాది సాంచాల ఇల్లు. మేము సాంచ అమ్మితే నూలు కండెలతోని సహా ఇస్తం. బర్రె తలుగు నీ తాన ఉంటే బర్రె నీ ఇంటికి రాదు. కారు చాబి నీ తాన ఉంటే కారు అస్తది."

ఆయన చెప్పింది న్యాయమే. అక్క మాత్రం, "ఆయన రోజు నడుపుతడా?" అని బావను అడిగింది.

"నడపడు. అద్దాల అర్రల నిలబెడ్తడు."

"నిలబెట్టనీకైతే మన వాకిలి లేదా?"

అక్క ఫోను పెట్టేసింది. పొద్దున నన్ను పట్టుకుని ఇద్దరూ బస్సులోనే రావాలన్న మనిషి ఈమేనా అని నేను బావ మొహం చూశాను. ఆయన నా మొహం చూస్తున్నాడు.

సేటుకు కోపం రాలేదు. "ఇంటావిడ మనసు ఎటున్నదో ముందు తెలుసుకోండ్రి. సోమారం రెండు చాబిలు పట్టుకోని రాండ్రి. ఒక్క చాబితోని అయితే నాకద్దు," అని తాళంచెవి బావ చేతిలో తిరిగి పెట్టాడు. బావ జేబులో నుంచి తలుగు ముక్క తీసి మళ్లీ దానికి కట్టాడు. ముడి రెండోసారికి గాని పడలేదు.

మూడూ నలభైకి సిరిసిల్ల వదిలాం. నేను అక్కకు ఫోను చేసి, కారులోనే వస్తున్నామనీ, ఆరుకల్లా కోరుట్లలో ఉంటామనీ చెప్పాను. "మంచిది," అని పెట్టేసింది. ఆ ఒక్క మాటలో నాకేమీ అంతు చిక్కలేదు.

వేములవాడ దాటాక బావ అడిగాడు. "మల్లేశం, ఆమె బాధ తలుగు గురించా, కారు గురించా?"

ఆరు బీరువాలు పూర్తిచేసినవాణ్ని, చెప్పలేకపోయాను.

"పొద్దటి సంది యాది చేసుకుంటున్న," అన్నాడు. "ఏడాదిల ఎవరెవరిని ఎక్కిచ్చిన అని. బీడీలోళ్లు, సార్లు, పోస్టాయిన, ఆస్పత్రి ముసలాయన. పద్మ పేరు రాలే. రోజు బండి అన్న. ఎవరి రోజో చూసుకోలే."

సాయంత్రానికి వడ్లన్నీ కుప్పలు చేసి టార్పాలిన్ పట్టాలు కప్పేశారు. రుద్రంగి దాటాక రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంది. ఆ రోజు మొదటిసారి బావ కాలు కిందికి నొక్కాడు. వెనక నుంచి ఒక పెద్ద చేయి నన్ను సీటులోకి నెట్టినట్టయింది. చెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వేగం వేరు, వేగం పెరగడం వేరు అని పుస్తకంలో చదివాను. ఆ తేడా ఒంటికి తెలిసింది ఆ క్షణమే. పదంకెలు లెక్కపెట్టే లోపల ముందు ఊరు కనిపించింది. బావ కాలు తీసేశాడు.

"గింతేనా బావా?"

"గింతే. రోజుకు ఒక్కసారి, అది కూడా రోడ్డు ఖాళీగుంటేనే. మిగతాదంతా పాలకు, కూరగాయలకే."

ఆ పది అంకెల కోసం ఒక మనిషి ఏడు నెలలు పనిచేశాడనీ, ఏడాది పాటు ప్రతి స్పీడు బ్రేకరూ ఏటవాలుగా ఎక్కాడనీ ఎవరైనా చెబితే పొద్దున నేను నవ్వేవాణ్ని. ఇప్పుడు నవ్వు రాలేదు. తొందర ఉన్నవారు ఈ దారిలో బస్సులోనే పోవాలి, అదే ముందు చేరుతుంది. ఈ కారులో పోతే ప్రతి ఊళ్లో ఆగాలి, ప్రతివాళ్లకూ జవాబు చెప్పాలి, వాళ్ల వడ్లు మనం జరపాలి. పొద్దటి నుంచి ఇంతమంది మాతో మాట్లాడింది అది వేగంగా పోయినందుకు కాదు, ఆగినందుకే.

అయిదూ యాభైకి కోరుట్ల బస్టాండు ముందుకు వచ్చాం. నన్ను దింపడానికి బావ కారు పక్కకు తీశాడు. అక్కడ అరుగు మీద అక్క కూర్చుని ఉంది. చేతిలో ఆడవాళ్లకు బస్సులో ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ ఇంకా మడిచి పట్టుకుని ఉంది. బిడ్డను పక్కింట్లో ఉండమని చెప్పి, నా ఫోను రాగానే బస్సెక్కిందట.

నేను దిగి తలుపు తెరిచే ఉంచాను. అక్క లేచి వచ్చి కొంగు ముడి విప్పింది. అందులో రెండో తాళంచెవి ఉంది.

"నువ్వు మాట తప్పలే. నేనే నడుమల అడ్డం పడ్డ," అంది బావతో. "గందుకే తెచ్చిన. అమ్మాల్నంటే పా, ఇప్పుడే పోయి ఇచ్చద్దాం."

బావ ఆ తాళంచెవి తీసుకోలేదు. తన దగ్గరున్నది స్టీరింగ్ పక్క నుంచి తీసి, తలుగు ముక్కతో సహా ఆమె చేతిలోనే పెట్టాడు. "రెండు నీ తాన్నే ఉండని. నువ్వు ఎటంటే అటు పోదాం. సిరిసిల్ల అంటే సిరిసిల్ల, జగిత్యాల అంటే జగిత్యాల."

"ముందుగాల ఎక్కనియ్యి. కూసున్నంక చెప్త."

ముందు నడుము, తరువాత తల, చివరికి కాళ్లు అని నేను చెప్పబోతే, "నాకెరుకే తమ్మీ, ఏడాది సంది అందరెక్కుడు చూస్తనే ఉన్న," అంది. ఒక్కసారికే కూర్చుంది. గేరు పక్కనున్న రెండు సీతాఫలాలు ఒళ్లోకి తీసుకుని, ఇవెక్కడివని అడిగింది. బావ చెప్పడం మొదలుపెట్టాడు. నేను తలుపు వేశాను. ఆ తరువాత వాళ్లేం మాట్లాడుకున్నారో అద్దం వల్ల నాకు వినిపించలేదు. అక్క నవ్వడం, ఒక తాళంచెవి బావకిచ్చి, రెండోది మళ్లీ కొంగుకు ముడివేసుకోవడం మాత్రం కనిపించాయి.

కారు జగిత్యాల రోడ్డు వైపు తిరిగింది. బస్టాండు మూల దగ్గర, జగిత్యాలలో ఆ కారు ఎక్కిన అలవాటున్నవాడు కాబోలు, సంచి పట్టుకున్న ఒకాయన చేయెత్తాడు. కారు నెమ్మదించింది. బావ అద్దం దించి చేయి అడ్డంగా ఊపాడు, ఖాళీ లేదని. ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు.